చుక్క పెట్టిన ఎండ్రికాయలు

తుబ్లీ బేల నీళ్లు వెనక్కి తీసే యాళ్లకు
మోకాళ్లదాకా బురదల దిగినం.
డాక్టర్ బుదూర్ చేతిల నోటుబుక్కు,
నా చేతిల గులాబి రంగు గోళ్ల పాలిష్.
పట్టిన ప్రతి ఎండ్రికాయ వీపు మీద ఒక్క చుక్క.
డెక్కకు దొరకకుండ పట్టుడు
చిన్నప్పుడు ఒర్రెల నేర్చిన విద్య,
బహ్రెయిన్ల దానికి జీతమొస్తదని ఎవరికెరుక?

నలభై పట్టి నలభై వదిలినం.
వారం పోయినంక మళ్ల వచ్చి యాభై పట్టినం.
యాభైల పదింటికే చుక్క.
"అయితే మొత్తం ఎన్ని?" అన్నది
బడి పిల్లగాన్ని అడిగినట్టు.
నలభైని యాభైతోని హెచ్చవేసి, పదితోని భాగించి
బురద మీదనే పుల్లతోని గీసిన.
రెండు వందలు.
మేం ముట్టనివి నూట ఇరవై
బొక్కలల్ల కూసుండే మా లెక్కలకు వచ్చినయి.

పాత పేజీలు వెనక్కి తిప్పి చూసుకున్నది.
నిరుడెన్నో చెప్పలేదు.
నేను అడగలేదు.

ఆమెకు చెప్పని ముచ్చటొకటి:
వచ్చిన కొత్తల నేను టిప్పర్ నడిపిన.
రాత్రికి పదకొండు ట్రిప్పులు, ఈ బేలకే.
తొట్టి లేస్తే ఇసుక జారే చప్పుడు
నిద్రమబ్బుల వాన అనుకునేటోణ్ణి.
ఆ ఇసుక కింద ఎన్ని బొక్కలున్నయో,
వాటికి ఎవరూ చుక్క పెట్టలేదు.
ఇప్పుడక్కడ తొమ్మిదంతస్తులు,
బాల్కనీలల్ల తువ్వాళ్లు ఆరుతున్నయి.

"ఒక చోటు ఎందరిని మోస్తదో దానికో హద్దుంటది.
చోటు సగమైతే బతుకు సగం కాదు,
అంతకన్న తక్కువైతది" అన్నది.
నవ్వొచ్చింది నాకు.
మా రూముల ఎనిమిది మంచాలు మేడం,
తొమ్మిదోవాడొస్తే షిఫ్టు మార్చుకొని
ఒక్క మంచాన్నే పగలొకరం, రాత్రొకరం వాడుకున్నం.
"మడ చెట్టుకు నైట్ డ్యూటీ లేదు" అన్నది,
నవ్వకుండనే.

నడుమ ఇంటికి పోయి
ఆరేండ్లకు మళ్ల అదే క్యాంపుకు వచ్చిన.
నేను గాక పాతోళ్లు పదహారు మంది ఉండేటోళ్లు.
మెస్సుల నలభై మంది తింటుంటే మొఖాలు ఎతికిన.
ఇద్దరు దొరికిండ్రు:
సిల్హెట్ మోతాహర్, కోరుట్ల లస్మన్న.
ఎండ్రికాయల లెక్కన మేం మూడు వందల ఇరవై.
క్యాంపుల ఉన్నదేమో నూటపదే.
ఎక్కడ తప్పిన?

పుల్ల పక్కన పెట్టి చెప్పింది:
"నడుమ ఎవరూ చావొద్దు,
ఎవరూ ఎల్లిపోవద్దు, కొత్తోళ్లు రావొద్దు,
పెట్టిన చుక్క చెరగొద్దు.
అప్పుడే చెల్లుతది ఈ లెక్క."

అయితే మామీద చెల్లది మేడం.

ఆమె ఏమో అనబోయి ఆగింది.
మడ వేర్ల నడుమ ఒక పెంకు,
చెక్కుచెదరకుండ, లోపల ఖాళీ,
వీపు మీద గులాబి చుక్క.
పెంకు విడిచి పెద్దదై పోయిందట అది,
ఇక దొరికినా కొత్తదే అనుకుంటమట.
పెన్సిల్ గడుల మీద అటూ ఇటూ తిరిగింది,
ఏ గడిల రాయాలె?

పోటు మొదలైంది.
పాలిష్ సీసా మూత బిగించిన.
నా బొటనవేలికి ఎప్పుడంటిందో,
రంగు.