నాలుగో సెల్

కాన్వెంట్ జంక్షన్ దాటాక, రైలు గేటుకి ఇవతల
లారీలు తూగి వెళ్ళే కాటా.
రాత్రి పన్నెండు నుంచి రెండు దాకా అది మాది.
ఆ రెండు గంటలూ బొగ్గు ఆగుతుంది,
గాలిలో దాని నుసి ఆగదు.

టార్చి పళ్ళతో పట్టుకుని గోతిలోకి దిగాను.
మోకాటి లోతు చీకటి, ఉప్పు వాసన,
ఎలకలు కొరికిన కేబుల్ తొడుగు.
నెత్తిమీద ఇనప బల్ల, బల్ల కింద ఆరు సెల్స్:
జానెడు ఎత్తు స్టీలు స్తంభాలు.
అరవై టన్నులూ వీటి మీదే.

ఉక్కు కుంగదనుకుంటాం గానీ కుంగుతుంది.
నిండు లారీ ఎక్కితే తలవెంట్రుక మందం, అంతే.
లారీ దిగితే మళ్ళీ లేస్తుంది.
దాని నడుముకి అతికించిన రేకు
ఉల్లిపొర కంటే పలచన.
అందులో మెలికలు తిరిగిన తీగ
ఉక్కుతో పాటు నొక్కుకుని పొట్టిదవుతుంది,
కరెంటుకి దారి కాస్త సులువవుతుంది.
ఆ కాస్తనే మనం బరువంటాం.

పాత సెల్స్ ఆ కాస్తని అలాగే
తీగ వెంట గదిలో పెట్టె దాకా పంపేవి.
దారిలో చెమ్మ తినేది, వెల్డింగ్ మిషను తినేది,
ఒకసారి జంక్షన్ బాక్సులో ఎవడో దాచిన
అగ్గిపెట్టంత సర్క్యూటు తినేది,
రిమోటు నొక్కితే లారీకి అర టన్ను.
ఇవి అలా కాదు. లోపలే అంకె కట్టి
తమ నంబరు చెప్పుకుని మరీ పంపుతాయి.
నెల్లాళ్ళుగా నాలుగో నంబరు తక్కువ చెబుతోంది.

"ఏటి బాబూ, మళ్ళీ నాలుగోదేనా?"
పైనుంచి వాసుపల్లి ఎల్లాజీ.

సెల్‌ది కాదు తప్పు. బల్ల అంచుకీ గోడకీ మధ్య
కోడిగుడ్డంత కంకరరాయి ఇరుక్కుని
వచ్చిన ప్రతి లారీలో వాటా తీసుకుంటోంది.
స్క్రూడ్రైవర్‌తో పెకలించి జేబులో వేసుకున్నాను.

ఇక మూల పరీక్ష. ఇరవై కిలోల పోత ఇనప దిమ్మలు
యాభై ఉండాలి. నలభై ఏడున్నాయి.
మిగతా మూడూ ఎటు పోయాయో
నాకు తెలుసు, ఎల్లాజీకి తెలుసు,
రిజిస్టరుకి తెలీదు.

చేతికొకటి చొప్పున మోశాడు.
ఇరవై ఆరేళ్ళుగా అదే నడక.
కుడి భుజం ఎడమ దానికంటే రెండంగుళాలు కిందికి.
తెడ్డేసిన భుజం కాదంటాడు, కాటా భుజమంటాడు.
ఆఖరి దిమ్మ దించి, నడుం మీద చెయ్యేసుకుని,
"ఇంకో అరవై కావాల కదా? నానెక్కుతాను.
సరిగ్గా అరవై నాను. పనిలో సేరినప్పుడు డాక్టరు రాసేడు."

చెప్పులు విప్పి మరీ ఎక్కాడు,
దిమ్మల పక్కన దిమ్మలా నిలబడ్డాడు.

ఎర్రటి అంకెలు: తొమ్మిది వందల తొంభై.

నాలుగోది ఇంకా బాగవలేదనుకున్నాను.
దిమ్మలన్నీ మూడో మూలకి మార్పించాను.
తొమ్మిది వందల తొంభై.
ఆరో మూలకి.
తొమ్మిది వందల తొంభై.
నలభై ఏడు దిమ్మలూ దొంతరల్లో మళ్ళీ లెక్కపెట్టాను.
అప్పటికే ఎల్లాజీ చొక్కా తడిసి
వీపుకి అంటుకుంది. ఎముకలు లెక్కపెట్టొచ్చు.
అది నేను ముందే చూడాల్సింది.

"ఎంత సూపిస్తంది?"
"సరిపోయింది," అన్నాను.
"సూసేరా మరి," అన్నాడు, చెప్పులు వెతుక్కుంటూ.

రిపోర్టులో పరీక్ష బరువు
తొమ్మిది వందల నలభై కిలోలని రాశాను.
సెల్స్ ఆరూ బాగున్నాయి. సున్నా సరిగా ఉంది.
పోయిన దిమ్మల గడిలో మూడు అని కూడా రాశాను.
పోయిన పది కిలోలకి గడి లేదు.

రెండు గంటలకి మొదటి లారీ హారన్.
డాల్ఫిన్స్ నోస్ మీది దీపం ఒకసారి మా మీదుగా తిరిగింది.
ఎల్లాజీ దిమ్మలు పక్కకి చేరవేసి, జెండా తీసుకుని
బల్లకి అడుగు దూరంలో నిలబడ్డాడు,
లారీ లెక్కలో తను పడకుండా.