రాళ్ల పద్దు

ఆ నది పేరు మ్త్‌క్వారి.
రెండు గులకరాళ్లు బుగ్గన పెట్టుకుంటే గానీ పలకదు.
ఒడ్డున నిలువు కొండ,
కొండ ముఖం నిండా గదులు.
ఎనిమిది వందల ఏళ్ల కిందట ఎవరో
తేనెపట్టును చూసి అసూయపడి తొలిచినట్టు.

నేను తాడుకు వేలాడుతూ దిగుతాను.
నడుముకి సుత్తి, జేబులో సుద్దముక్క.
చెవి ఆనించి బండను కొడతాను.
ఠంగుమంటే బతికి ఉన్నట్టు.
డొల్లగా పలికితే
వెనక ఎక్కడో విడిపోయింది, ఎవరికీ చెప్పకుండా.
సుద్దతో అంకె రాస్తాను.
నూట పన్నెండో రాయి. నూట పదమూడు.
వాలు ఎంత, పగులు ఎటు తిరిగింది,
పడితే ఎక్కడ పడుతుంది,
పడే వేళకి అక్కడ ఎవరుంటారు.
ప్రమాదమంటే రాయి కాదు.
రాయీ మనిషీ
ఒకే చోట, ఒకే క్షణాన.

పగుళ్లకి అడ్డంగా గాజుపలకలు అతికించాను,
కొండ కదిలితే ముందు గాజు చిట్లుతుందని.
చలికాలం నీళ్లు లోపలికి దూరి
మేకు దిగేసినట్టు గడ్డకడతాయి,
మార్చిలో మేకు పీకినట్టు కరుగుతాయి.
నా పట్టికలో ఉన్నవి తొమ్మిదేళ్లే.
అంత ముసలి కొండకి
తొమ్మిదేళ్ల నాడి పట్టుకుని
జాతకం చెప్పమంటారు ఆఫీసులో.

ఫాదర్ ఒనోప్రే మూడో వరస గదిలో ఉంటాడు.
మొదటిరోజు అన్నాడు:
"నిద్రపోతున్నదాన్ని తట్టి లేపుతున్నావు, మ్జెవినార్."
నాలుగోరోజు పుదీనా వేసిన చిక్కుడుగింజల పులుసు పెట్టాడు.
ఏడోరోజు, వానకి నేను తాడు దిగలేకపోతే,
కొవ్వొత్తుల అమ్మకం పుస్తకం తెచ్చి ముందు పెట్టాడు.
ముందువైపు మైనం, నూనె, గోధుమపిండి.
వెనక నుంచి తిప్పితే ఇంకో పద్దు:

ఫిబ్రవరి పంతొమ్మిది. గుమ్మంలో మూడు. శనగగింజంత.
ఈస్టర్ తర్వాత మంగళవారం. ఒకటి. తొండ బెదిరింది.
ఏమీ లేదు.
ఏమీ లేదు.
వాన. పదకొండు. ఒకటి గిన్నె పగలగొట్టింది.

ముప్పై ఎనిమిదేళ్లు,
ప్రార్థనకి ముందు గుమ్మం ఊడ్చి
ఊడ్చినవి లెక్కపెట్టాడు.
ఎందుకని అడిగాను.
"పైనుంచి వచ్చిందేదైనా
రాసిపెట్టుకోవాలి కదమ్మా."

ఆ రాత్రి పద్దంతా గీతగా గీశాను.
ముప్పై రెండేళ్లు నేలబారుగా పాకిన గీత
చివరి ఆరేళ్లలో లేచి నిలబడింది.
శనగగింజలు పిడికిళ్లయ్యాయి.
పైన ఉన్నది నూట పదమూడో రాయి.
నాలుగుసార్లు మళ్లీ కూడాను.
తప్పు నాదైతే బాగుండుననుకున్న లెక్క
నా జన్మలో అదొక్కటే.

పొద్దున చెప్పాను.
"ఎంత రాయి?"
"ఫ్రిజ్ అంత."
"వంటింట్లో ఫ్రిజ్ పనిచెయ్యదు," అన్నాడు.
తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు.
"అయితే నన్ను ఖాళీ చేయించే కాగితం
నేనే రాశానన్నమాట.
అదీ ఇంత మంచి చేతిరాతతో."

కొండంత అండ అంటారు.
ఆ సంగతి కొండకి ఎవరూ చెప్పి ఉండరు.

గదిలో గోడమీద ఒక దేవదూత ఉంది.
ముఖం రాలిపోయి ఒక రెక్కే మిగిలింది.
"మరి ఈమెని?" అన్నాడు.
నివేదికలో రాశాను:
ఉన్నవారు ఇద్దరు.
దించగలిగేది ఒకరిని.

గురువారం కిందికి వెళ్లాడు,
ముక్కాలిపీట, కెటిల్, రెండు దుప్పట్లతో.
చీపురు తీసుకెళ్లలేదు. పుస్తకం కూడా.

అక్టోబర్. ఇనుప వల ఇంకా రాలేదు,
టెండరు మళ్లీ పిలుస్తారట.
తాడు వదలకుండా, హెల్మెట్ తియ్యకుండా
ఆయన గుమ్మంలో ఆగాను.
ఒంటిచేత్తో ఊడ్చాను.
పుస్తకం వెనక నుంచి తెరిచి
ఆయన గీత కిందే రాశాను:

రెండు. శనగగింజంత.
తొండ కనబడలేదు.