కడుపు వేడి

గునుపూరులో నాలుగు రోజులుగా కరెంటు లేదు.
ల్యాబులో పొదుగుపెట్టె
గోడకి జారబడి చల్లబడిపోయింది.

అందుకని సీసాలు నేనే కట్టుకున్నాను.
పాత నేతచీర చించి, నడుం చుట్టూ,
బొడ్డుకి అటు మూడు, ఇటు రెండు.
ముప్పై ఏడు డిగ్రీలు.
ఇంత కచ్చితమైన పొయ్యి ఈ వానలో ఇంకెక్కడ దొరుకుతుంది?

రాత్రంతా ఒత్తిగిల్లకుండా పడుకోవాలి.
బరంపురం నుంచి మా ఆయన ఫోను, ఏం చేస్తున్నావని.
పొదుగుతున్నాను అన్నాను.
నవ్వాడు. నేనూ నవ్వాను.
సీసాలు ఒకదాన్నొకటి తాకి టిక్కుమన్నాయి.

తుంబగూడకి బండి సగం దూరమే వెళ్తుంది.
మిగతాది చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కాలి.
తొలకరికి కొండ తన కళ్ళాపి తానే చల్లుకుంటుంది:
పేడ, కుళ్ళిన ఆకు, మేక పెంటికలు,
మొన్న విందుకి కోసిన దున్న పేగుల కడుగు,
నడిరేయి తుప్పల వెనక్కి పరిగెత్తిన పిల్లాడిది కూడా,
అన్నీ ఒకే గెడ్డలోకి దిగుతాయి.
పారే నీటికి మైల లేదు అనేది మా నాయనమ్మ.
పారేది నీరొక్కటేనా, నాయనమ్మా?

సొంబారి గొమాంగో చెలమ తోడుతోంది.
ఇసకలో మోచేతి లోతు.
మొదటి మూడు దొప్పలు పారబోసి
నాలుగోది నా సీసాలోకి
చంటిదానికి పాలు పట్టినట్టు వంచింది.
అద్దంలా ఉన్నాయి నీళ్ళు.
అవతలి ఒడ్డున ఆమె పంది, మూతి ముంచి,
మా ఇద్దరినీ చూస్తోంది.

అరుగు మీద కొడుకు ఇస్సాకు.
కళ్ళు లోపలికెళ్ళిపోయాయి.
పొట్ట మీది చర్మం పట్టి వదిలితే
పిండిన గుడ్డ మడతలా అలాగే నిలబడింది.
ఉప్పూ పంచదారా కలిపి గుక్కగుక్కగా పట్టించాను.
సంతలో కొన్న మాత్రలు చూపించింది సొంబారి.
అదే రేకు, అదే గులాబీ రంగు,
కోళ్ళఫారం వాడు దాణాలో నూరి కలిపేవి.
కోడి తిన్నది.
కోడి పెంటని చేను తిన్నది.
చేనుని వాన కడిగింది.
మన మందు రుచి దానికి ఎప్పుడో తెలిసిపోయింది,
ఇప్పుడు ఎదురొస్తే పక్కకి తప్పుకోదు.

సాయంత్రానికి మంచం తిరగేసి, కావడి కట్టి
నలుగురు మోసుకుని దించారు పిల్లాణ్ణి.

దాన్ని దొంగ అనలేను నేను.
మేం ఈ గట్టు మీద ఒడియాలో బేరమాడి
ఆ గట్టు మీద తెలుగులో తిట్టుకుంటాం,
దానికి ఏ భాషా రాదు.
పందిలో ఉన్నన్నాళ్ళూ పందిది, నాలో ఉన్నన్నాళ్ళూ నాది.
దానికి తెలిసిందల్లా ఒక్క వేడి.
అదే ఇచ్చాను రెండు రాత్రులు, నా చర్మం నుంచి.

రెండో తెల్లారికి కట్టు విప్పాను.
గెడ్డ పైది నలుపు.
దున్నలు దొర్లే మడుగుది నలుపు, అది ముందే తెలుసు.
కొళాయి చుట్టూ కొత్త సిమెంటు వేసిన సర్కారు బోరుది,
అదీ నలుపే.
సంతలో బజ్జీల కొట్టు కుండది కాటుక కరిగినట్టు మెల్లగా నల్లబడింది.
సొంబారి చెలమది
చివరగా చూశాను.
పట్టీ అంచున వెంట్రుక వాసి మరక.
మరకో, నా కంటి నిద్రో.

ఆసుపత్రి వరండాలో, సెలైను సీసా కింద కూర్చుని
సొంబారి నన్ను అడిగింది:
"నల్లబడితే
ఇంటికాడున్న ఇద్దరికీ ఏ నీళ్ళు పెట్టను?"
కాచి, అన్నాను.
వానలో తడిసిన కట్టె ఎలా మండుతుందో
తను నాకు చెప్పలేదు.
చేతుల వైపు చూసుకుంది.

మధ్యాహ్నం మా వంటింటి అటక మీది
ఎండు సరుగుడు కట్టెలు దించి
గోనె కప్పి బండి వెనక కట్టాను.
ఆ ఒక్క సీసాని మళ్ళీ నడుముకి కట్టుకున్నాను,
ఇంకో పూట చూద్దామని.
దారిలో వాన పెద్దదయింది.
బొడ్డు పక్కన ఒక్కచోట మాత్రం
వెచ్చగానే ఉంది.