టేపు

తెల్లారగట్ల ఐదింటికి
నా చేతివేళ్ళు ఇంకా నావి కావు.
పాల ప్యాకెట్టు పళ్ళతో చింపుతాను.
ఎనిమిదయ్యేసరికి బొటనవేలు వంగి
చిటికెనవేలిని పలకరిస్తుంది,
రాత్రి పోట్లాడుకున్న తోడికోడళ్ళలా.

నలభై ఏళ్ళు లేసు అల్లాను.
నరసాపురంలో, చర్చి వెనక సందులో,
కాళ్ళు చాపి, వీపు గోడకానించి,
కొక్కెం సూది చివర పువ్వు మీద పువ్వు.
నేను చూడని దేశాల బల్లల మీద
నా పువ్వులు పరుచుకున్నాయి.
నేను ఈ చాప మీదే పరుచుకుపోయాను.

నొప్పి మొదలైన ఏడు
సెంటర్లో ఆర్ఎంపీ పొట్లం కట్టిచ్చాడు.
చిన్న తెల్ల మాత్ర.
రెండ్రోజుల్లో వేళ్ళు లేచి కూర్చున్నాయి.
ఆకలీ లేచి కూర్చుంది.
పాలిష్ పట్టిన స్వర్ణ బియ్యం, కంచం నిండా,
మాగాయ ఊటలో ఓ విడత,
పెరుగులోకి మళ్ళీ ఇంకో హస్తం.
మొహం పున్నమి చందమామైంది.
"ఒళ్ళు చేసి కళ తిరిగావే దీవెనమ్మా" అంది ఎస్తేరు.
మురిసిపోయాను కూడా.
మూడేళ్ళు.

భీమవరం ఆస్పత్రిలో నర్సు
నా నడుం చుట్టూ టేపు తిప్పింది.
"కీళ్ళు చూపించుకుందామని వస్తే
పొట్ట కొలుస్తారేంటమ్మా?"
డాక్టరమ్మ నవ్వలేదు.
నా సంచిలోంచి సగం అల్లిన గుడ్డ తీసి
ఒక మూల దారం పట్టి లాగింది.
అవతలి మూల పువ్వు ముడుచుకుపోయింది.
"కీలులో రగిలింది కీలులోనే ఉండదు.
నెత్తుట్లో చక్కెర దాకా పోతుంది, గుండె దాకా పోతుంది.
ఆ మాత్ర దానికి తోడు.
అలాగని ఒక్కసారే మానెయ్యకు,
నేను చెప్పినట్టు మెల్లగా దించుదాం."
ముప్పై తొమ్మిది అంగుళాలు.
అంత లేసుకి ఏజెంటు ఎంతిస్తాడో
మనసులో లెక్క కట్టాను, అలవాటు కొద్దీ.

అసలు గొడవ ఇంట్లో.
ఏసురత్నం మిల్లులో బస్తాలు మోసే మనిషి,
అన్నం తగ్గితే ఇల్లు తగ్గినట్టే ఆయనకి.
"గోదారి నీళ్ళు తాగి పుట్టి
చోడంబలి తాగుతావంటే?"
బదులు చెప్పలేదు. సంతలో
పిల్లలు తినే పళ్ళెం ఒకటి కొన్నాను, చిలక బొమ్మది.
చిలక మొహం మీద అన్నం పడకూడదు.
అదొక్కటే నా నియమం.
చుట్టూ తోటకూర, పులుసులో పచ్చి మెత్తళ్ళు.
మాగాయ పూర్తిగా మానలేదు,
అబద్ధమెందుకు.

సాయంత్రం కాలవగట్టు.
మొదటి వారం లాకుల దాకా వెళ్ళి ఏడ్చాను.
మోకాళ్ళకి కాదు,
చేతిలో పనిలేకుండా నడుస్తున్న ఆడదాన్ని చూసి
సైకిలాపి "ఎవరికి బాలేదండీ" అని అడిగినందుకు.
"నాకే" అన్నాను.
ఇప్పుడు ఎస్తేరూ వస్తోంది.
పగలు అరగంటకోసారి
చాప మీంచి ఒకళ్ళనొకళ్ళం లేపుకుంటాం.
కాలవ కట్టేసిన ఎండాకాలం,
అడుగున నల్లటి బురద, ఎండిన గుర్రపుడెక్క చూసి
"మన లోపలా ఇంతేనేమోనే" అంటుంది.
ఇద్దరం కాసేపు మాట్లాడం.

ఆర్నెల్లకి టేపు మళ్ళీ తిరిగింది.
ముప్పై ఏడున్నర.
చక్కెర కాస్త దిగింది, మాత్ర సగమైంది.
వేళ్ళ వంకర దిగలేదు. దిగదంట.

మొన్న కోత పండగకి
చర్చిలో అరిసె చేతిలో పెట్టారు.
తిన్నాను, మొత్తం.
దగ్గరి దారి ఉండగా
గట్టు మీంచి తిరిగొచ్చాను.

ఈ పొద్దున కూడా ప్యాకెట్టు పళ్ళతోనే చింపాను.
కాకపోతే ఏడున్నరకే
తోడికోడళ్ళు మాట్లాడుకున్నారు.