సప్పుడు

ఉమ్ అల్ కువైన్ దాటినంక, ఉప్పునేల మీద
నాలుగు వందల రెండు మీటర్ల నల్లటి గీత.
దాని ఈ కొసన నేను,
చేతిల గాలి చూసే గేజి, చెవిల ఇంజను.

కుడి చెవి పదేండ్ల కిందనే పోయింది.
ఎడమ చెవికే అర్బాబ్ నెలకు మూడువేల దిర్హాములిస్తడు.
కోరుట్లల ఆయిలింజన్లకు ఆనించి పెంచిన చెవి అది,
ఎనిమిది సిలిండర్లల్ల ఏది తడబడుతుందో
బోనెట్ ఎత్తకముందే చెప్తది.

అర్బాబ్ ఖల్ఫాన్ తన బండికి గుర్రం పేరు పెట్టుకున్నడు: అద్హం.
అమెరికాల పుట్టింది, నాకన్న నాలుగేండ్లు పెద్దది.
నీళ్ళు చల్లిన తావుల వెనక చక్రాలు తిప్పితే
పొగ లేచి గ్యాలరీ మీద పడ్డది,
పిల్లలు దగ్గుకుంటనే చప్పట్లు కొట్టిన్రు.
రబ్బరు కాలిన కమురు, రేసు పెట్రోలు తీపివాసన,
పక్కటెముకల లోపల ఎవరో డప్పు కాపి కొట్టినట్టు.

అవతలి గీత మీదికి తెల్లబండొకటి వచ్చింది.
వచ్చిందని కండ్లే చెప్పినయి, చెవి చెప్పలే.
నడిపేటామె మోజా, బడిల లెక్కల టీచరమ్మ.
వెనక సీట్ల పిల్లగాని కుర్చీ ఇంక కట్టే ఉన్నది,
ఊడదీయమంటే “ఇరుక్కున్నది, రాదు” అన్నది.
ముందటి డిక్కీ తెరిచి చూపించింది,
ఇంజనుండాల్సిన జాగల
రెండు లబన్ డబ్బాలు, ఒక ఖుబ్జు పొట్లం.
మా వెల్డర్ గుల్ జమాన్ నవ్వి నవ్వి
దగ్గు తెర వచ్చి కూలబడ్డడు.
నేను గూడ నవ్విన.

పసుపు. పసుపు. పసుపు.
పచ్చ.

అద్హం ఒర్లింది, ముందు కాళ్ళు లేపింది, పేరు నిలబెట్టింది.
ఆ కాళ్ళు నేలకు ఆనకముందే
తెల్లబండి అక్కడ లేదు.
జొన్నచేను మంచె మీదికెళ్ళి వదిలిన వడిసెల రాయి,
సుయ్యిమన్నది, అంతే.
సగం దాటినంక మనోడు దగ్గరికొచ్చిండు,
ఇంకో వంద మీటర్లుంటేనా అన్న
(ఓడినోళ్ళకు ఎప్పుడూ ఇంకో వంద మీటర్లు కావాలె).
బోర్డు మీద తొమ్మిది పాయింట్ నాలుగొకటి, తొమ్మిది పాయింట్ ఆరెనిమిది.
నడుమ ఒక రెప్పపాటు.

“తప్పెక్కడుంది?” అడిగిండు అర్బాబ్.
“బండిల తప్పులేదు.”
ఆ మాటే ఆయనకు ఎక్కువ గుచ్చుకున్నది.
తప్పుంటే సరిజేస్తుంటి.

ఎవ్వలు చూడకుంట పోయి
తెల్లబండి బోనెట్‌కు ఎడమ చెవి ఆనిచ్చిన.
చిన్న పంకా తిరుగుతున్నట్టు ఏందో.
ఇంకేం లేదు.
ఒక్క గడియ, ఈ చెవి గూడ పోయిందనుకొని
చెమటలు పట్టినయి.
గప్పుడే లోపల ఫోన్ల పిల్లగాడు
ఖుబ్జు ఎప్పుడు తెస్తవని తల్లిని అడుగుతుండు.

రెండో పందెం మేమే గెలిచినం.
ఆమె బ్యాటరీ వేడెక్కి బలం తగ్గిందట.
మూడోది కాలే. తెల్లారితే బడి ఉన్నదని
ఆమె ఆ బండిలనే, ఆ ఏసీలనే ఇంటికి పోయింది.
మేము అద్హాన్ని ట్రెయిలర్‌కెక్కించి
తాళ్ళు బిగించేసరికి రెండున్నర.
దారి పొడుగునా అర్బాబ్ మాట్లాడలే,
ఒక్కసారి మాత్రం,
“మా చిన్నోనికి గసొంటిదే కావాల్నట” అన్నడు.

గ్యారేజి వెనక మా రూము, ఆరు మంచాలు.
పద్దెనిమిదేండ్ల సంది ఎడమ చెవిని దిండులకు ఒత్తి
చచ్చిన చెవిని పైకి పెట్టి పండుకుంట,
లోకం బందయితది.
ఆ రాత్రి ఎందుకో పక్క మార్చిన.

ఐదుగురి గురక.
నాలుగు సక్కగనే కొడుతున్నయి.
కిటికి కాడిది తడబడుతుంది,
పీల్చినప్పుడు అడుగున నీళ్ళున్నట్టు గరగర.
గుల్ జమాన్ అది.
ఎన్ని నెలల సందో.

లేచి వానికి రెండో దిండు పెట్టిన.
పొద్దున్నే దవాఖానకు తీస్కపోవాలె,
అర్బాబ్‌ను సెలవడగాలె.