బస్తాకెంత అద్దె

మే నెల గుంటూరు. నలభై అయిదు దాటింది.
అమరావతి రోడ్డు తారు చెప్పుకి అంటుకుంటోంది.
యార్డు వైపు గాలి తిరిగితే
మూడో అంతస్తులో మా ల్యాబ్ కూడా తుమ్ముతుంది.

నల్ల తెరలేసిన గదిలో
రూపాయి బిళ్ళంత ఉప్పుబిళ్ళ ఒకటుంది.
దాన్ని పది కెల్విన్లకు దించాలి.
దించాల్సిన కంప్రెసర్ మూడు రోజులుగా మూలుగుతోంది.

కంపెనీ వాళ్ళు నెల పడుతుందన్నారు.
అందుకని ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీ నుంచి
నాగుల్‌మీరా వచ్చాడు,
కనురెప్పల మీద మిరపధూళితో.

స్క్రూడ్రైవర్ మొన కంప్రెసర్‌కి ఆనించి
పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.
"దమ్ము చాలట్లేదమ్మా. గ్యాసు తక్కువైంది."
గేజీ చూస్తే నిజమే.
నేను మూడు రోజులు మాన్యువల్ చదివాను.

అమోనియా పైపులకు రాసినట్టే సబ్బునురగ రాశాడు.
ఒక జాయింటు దగ్గర బుడగ లేచింది. బిగించాడు.
వ్యాక్యూమ్ వైపు రాయొద్దన్నాను:
అక్కడి లీకు బయటికి ఊదదు, లోపలికి పీలుస్తుంది.
"అంటే దొంగ పారిపోడు, లోపలికొస్తాడు" అన్నాడు.

హీలియం నింపాం. అంకెలు దిగడం మొదలైంది.
రెండొందలు. నూట పది.
అతను చేతులు తుడుచుకుంటూ అడిగాడు:
"మా గోడౌన్లో ఆరు డిగ్రీలు. లక్ష బస్తాలు.
ఏడాదైనా రంగు చెడదు.
దీంట్లో మీరేం పెడతారు?"

ఎలా చెప్పను.
నాలుగు చేతులున్న కార్బన్,
రెండు చేతులకే పని దొరికి, రెండు ఖాళీగా ఉన్నది.
ఎవరెదురైతే వాళ్ళని పట్టేసుకుంటుంది.
మన ఎండలో దాని ఆయుష్షు
రెప్పపాటుని లక్ష ముక్కలు చేస్తే అందులో ఒకటి కూడా కాదు.
అందుకే ఆర్గాన్ గడ్డలో పాతిపెడతాం.
ఆర్గాన్ ఎవరితోనూ చెయ్యి కలపదు.
కదల్లేక, కలవలేక
అది గంటలకొద్దీ ఉండిపోతుంది. మేం చూస్తాం.

"బస్తాకెంత అద్దె?" అన్నాడు. నవ్వలేదు.

బిల్లు మీద సంతకం పెట్టాల్సిన సువార్త మేడమ్
ఎంతకీ రాలేదు. అతను ఉండిపోయాడు.
గ్యాసు పరిచాను, దీపం వెలిగించి ఆర్పాను.
గ్రాఫులో రెండు వేల డెబ్భై దగ్గరి కొండ కరిగి
పక్కన ఎవరివో కొత్త పళ్ళు మొలిచాయి.
అదే. ఉంది.

అప్పుడు కరెంటు పోయింది.

జనరేటర్లో డీజిల్ లేదు.
బ్యాటరీ మీద థర్మామీటరొక్కటే బతికుంది:
పద్దెనిమిది. ఇరవై ఆరు. ముప్పై ఒకటి.
ఆర్గాన్ మెత్తబడుతుంది. రోజంతా దండగ.
నేను ఫోను లైటు కోసం తడుముతుంటే
"వెయ్యొద్దమ్మా," అన్నాడు. "లోపల చూడండి."

నీలంగా.
మిణుగురు కన్నా మందంగా,
ఉప్పుబిళ్ళ అంచు నుంచి మధ్యకి పాకుతూ.

ఆ ఖాళీ చేతులకి ఆక్సిజన్ అందింది.
మేం ఆక్సిజన్ పెట్టలేదు.
ఎక్కడో ఇంకో జాయింటు, కంటికి ఆనని సందు,
గుంటూరు గాలిని రవ్వంత పీల్చుకుంది.

"అదేనా సరుకు?"
"అదే."
"అయిపోయిందా?"
"ఆఁ."

వరండాలోకొచ్చి ఇద్దరం తుమ్మాం.
నోటుబుక్కులో రాశాను:
నాలుగూ పది. కరెంటు లేదు. ముప్పై నాలుగు కెల్విన్లు.
లీకు ఉంది. వెలుగు.

శుక్రవారం నమాజయ్యాక
పిలవకుండానే వచ్చాడు, సంచి దించకుండానే అడిగాడు:
"ఆ దొంగని మూసేద్దామా, ఉంచుదామా?"

మూసేయాలి. నాకు తెలుసు.
ముందు టీ తాగుదాం అన్నాను.