ద్రవ్యరాశి

ఫస్ట్ షో సగంలో విశాఖ నుంచి ఫోను.
"కూర్మారావూ, బొమ్మ మాస్‌కి ఎక్కిందా?"
ఎక్కింది సార్, అనాలి.
పాతికేళ్లుగా అదే అంటున్నాను
పలాసలో, ఈ క్యాబిన్ గది ఉక్కలో.

ఈసారెందుకో నోరు రాలేదు.
ప్రొజెక్టరు పక్క కంతలోంచి
కిందికి చూశాను,
మాస్ ఏ వరసలో కూచుందోనని.

మూడో బెంచీలో దాలమ్మ.
జీడిసొనకి వేళ్లు కాలి కాలి
రేషను మిషను మీద ముద్ర పడని మనిషి.
హీరో తొడ కొడితే హాలంతా లేచింది.
ఆవిడ లేవలేదు.
వాడి తల్లి గంజిగిన్నె కడుగుతూ
కడుగుతూ ఆగిపోతుంది చూడండి,
నాలుగు సెకన్లుండదు,
అక్కడ "ఓలమ్మా" అని
పక్కదాని చెయ్యి పట్టుకుంది.
పోస్టరు మీద ఆ గిన్నె లేదు.

బాల్కనీలో లెక్కల లెక్చరరు గారు.
బయట ఎవరడిగినా "మరీ మాసండీ" అంటారు.
ఆ పొడుగు ఈల మాత్రం ఆయనదే,
అటూ ఇటూ చూసుకుని, చీకట్లో.

మాస్ అనే మాట నేను మొదట విన్నది హైస్కూల్లో.
మాస్ అంటే ద్రవ్యరాశిరా,
చంద్రుడి మీదికి మోసుకుపోయినా మారదు,
మారేది బరువు, అన్నారు సైన్సు మాస్టారు.
పది తప్పాను. ఆ ముక్క తప్పలేదు.
ద్రవ్యం వేరు, రాశి వేరు అని మాత్రం
కలెక్షన్లు పంపేటప్పుడు తెలిసింది.
ద్రవ్యం రాత్రికే విశాఖ చేరుతుంది.
రాశి ఇక్కడే ఉంటుంది,
పొద్దున్న ఆరింటికి ఫ్యాక్టరీ గేటు దగ్గర,
కుప్ప పోసిన జీడిపిక్కల్లాగా,
ఒక్కోటీ కొట్టి చూస్తే తప్ప
లోపలేముందో చెప్పకుండా.

"హలో? ఉన్నావా?"
ఎక్కింది సార్. ఒక్కొక్కరికి ఒక్కో చోట.
"అదేంటయ్యా! మాస్‌కా, కాదా?"
తరవాత చేస్తానని పెట్టేశాను.

ఇంటర్వెల్లో మెట్ల దగ్గర
పల్లీల పొట్లంతో దాలమ్మ.
ఎలాగుంది? అన్నాను.
"ఏటో బావూ...
ఆ గిన్నె కాడ ఇంకోపాలి సూపించలేవేటి?"

రీలు రోజులైతే తిప్పేవాణ్ణే.
ఇప్పుడు బొమ్మ పైనుంచి దిగుతుంది,
వెనక్కి తిప్పడానికి పిడి లేదు.

జేబులో ఫోను మళ్లీ మోగుతోంది.